పన్నెండంగుళాల గ్లోబు: టేపు పెట్టి కొలిచాక

భూమి నడుము 37 ముప్పావు. గ్లోబు కొన్న సాయంత్రమే టేపు చుట్టి చూశాను. ముప్పై ఏళ్లుగా విజయనగరంలో బ్లౌజులూ లంగాలూ కుట్టుకుంటున్నదాన్ని, ఇంటికి ఏ కొత్త వస్తువు వచ్చినా నా చెయ్యి ముందు టేపు మీదకే పోతుంది. డబ్బా మీద 12 అంగుళాలు అని వేశారు. అంటే బంతి అడ్డం కొలత. చుట్టుకొలత దానికి మూడింతలూ చిల్లర ఉండాలి కాబట్టి కొలత కరెక్టే, మోసం లేదు. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, తొమ్మిది అంగుళాల గ్లోబుని పెద్ద డబ్బాలో పెట్టి పన్నెండని అమ్మే వాళ్లు ఉన్నారట. కొనేముందు చుట్టూ టేపు పెట్టండి, 37 ముప్పావు రాకపోతే పక్కన పెట్టేయండి.

అసలు నాకు గ్లోబుతో పనేమిటని అడగొచ్చు. మా అబ్బాయి అమెరికాలో సన్నీవేల్‌లో ఉంటాడు. 2024లో మా ఊరి సిరిమాను పండగ చూసుకుని అదే వారంలో మేమిద్దరం వాడి దగ్గరకి బయలుదేరాలని టికెట్లు తీశాడు. వైజాగ్ నుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి తిన్నగా శాన్ ఫ్రాన్సిస్కో. ఫోన్లో మాట్లాడుతూ "అమ్మా, విమానం ఉత్తరం నుంచి పోతుంది, కిందంతా మంచే కనబడుతుంది" అన్నాడు. మా ఆయన ఒప్పుకోలేదు. ఆయన నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు, పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతారు. పిల్లల చదువులప్పటి అట్లాసు అటక మీంచి దింపి పేజీ మీద స్కేలు పెట్టి గీత గీశారు. ఢిల్లీ నుంచి పడమరకి ఇరాన్, మధ్యధరా సముద్రం, అట్లాంటిక్, ఆ తర్వాత అమెరికా ఈ చివర నుంచి ఆ చివరకి. "ఇదీ దారి. వాడు ఏటో చెప్తున్నాడు" అన్నారు.

మా అమ్మాయి కొడుకు ఏడో తరగతి. వాడు అడిగాడు, "అమ్మమ్మా, ఉత్తరానికి పోతే సలెయ్యదా?" అని. ఆ ప్రశ్నకి అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆయన గీసిన గీత మీద మాత్రం అనుమానం ఉంది. మర్నాడు గంటస్తంభం దగ్గర లైనింగు గుడ్డ తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు పక్కనే ఉన్న పుస్తకాల షాపులో గ్లోబు అడిగాను.

"పిల్లలకా అమ్మా?"

"నాకే బాబూ."

నా ముఖంలోకి ఓసారి చూసి లోపలికి వెళ్లాడు. మొదట తెచ్చినది దుమ్ము పట్టి ఉంది. మనవడు వెంట ఉన్నాడు కాబట్టి సరిపోయింది, వాడు ఆఫ్రికా మీద వేలు పెట్టి "దీంట్లో దక్షిణ సూడాన్ లేదు" అన్నాడు. ఆ దేశం 2011లో విడిపోయింది. అంటే ఆ సరుకు అంతకు ముందుది. షాపు ఆయన నవ్వేసి కొత్త డబ్బా తీశాడు. 1,250 చెప్పాడు, 1,100కి ఇచ్చాడు. ఇంతకంటే తగ్గించమని నేనూ గట్టిగా అడగలేదు, నా దగ్గర ఎవరైనా కుట్టుకూలి బేరమాడితే నాకెలా ఉంటుందో నాకు తెలుసు.

ఇప్పుడు వస్తువు సంగతి. బంతి గట్టి అట్ట లాంటి దానితో చేశారు, పైన బొమ్మ కాగితం అతికించి వార్నీషు పూశారు. స్టాండు ప్లాస్టిక్కు, ఇత్తడి రంగు వేశారు. దూరం నుంచి చూస్తే బాగానే ఉంటుంది, పట్టుకుంటే బరువు లేదు. గట్టిగా తిప్పితే స్టాండు ఊగుతుంది, కింద ఒక మూల మడిచిన గుడ్డముక్క పెట్టాను. బంతి నిటారుగా కాక పక్కకి వాలి ఉంటుంది. అది తయారీ లోపం అనుకుని వెనక్కి ఇచ్చేయకండి, భూమి ఇరవై మూడున్నర డిగ్రీలు అలాగే వాలి ఉంటుంది. పేర్లన్నీ ఇంగ్లీషులో, అదీ చీమ తలకాయలంత. నేను సూదిలో దారం ఎక్కించే కళ్లజోడు పెట్టుకుంటే గానీ కనబడలేదు. విశాఖపట్నం ఉంది, కాకపోతే పేరు బంగాళాఖాతంలో పడింది. విజయనగరం లేదు. ఉంటుందని నేనూ అనుకోలేదు.

నాకు నచ్చని పని ఒకటుంది. భూమధ్యరేఖ దగ్గర పై సగం, కింది సగం కలిపి అతికిస్తారు. ఆ అతుకు దగ్గర బొమ్మ కలవలేదు. బ్రెజిల్ ఒడ్డు పైనుంచి దిగుతూ గీత దగ్గర ఒక నూలు పక్కకి జరిగిపోయింది. బోర్నియో దీవి నడుముకి కత్తెర పెట్టి మళ్లీ కుట్టినట్టుంది. గళ్ల గుడ్డ ఇచ్చిన కస్టమరుకి పక్క కుట్టులో గళ్లు కలపకుండా బ్లౌజు ఇస్తే ఆవిడ మళ్లీ మన గుమ్మం ఎక్కదు. వెయ్యి రూపాయల పైన తీసుకుని భూమికి గళ్లు కలపకపోవడం ఏం పద్ధతి? పైగా జిగురు ఎక్కువై అక్కడ చిన్న గట్టు కట్టింది. నిజం భూమి కూడా నడుము దగ్గర కాస్త ఉబ్బే, ధ్రువాల మధ్య అడ్డం కంటే నడుము అడ్డం 43 కిలోమీటర్లు ఎక్కువ. ఈ గ్లోబు కొలతలో అది ఒక్క మిల్లీమీటరు. వీళ్ల జిగురు గట్టు దాన్ని దాటిపోయింది.

కానీ దగ్గరగా చూస్తూ ఉంటే ఇంకో సంగతి కనబడింది, దాంతో కోపం సగం తగ్గింది. పై నుంచి నడుము దాకా కాగితం ఒకటే ముక్క కాదు. మల్లె రేకుల్లా సన్నటి ముక్కలు, పైన మొన, నడుము దగ్గర మూడంగుళాల చిల్లర వెడల్పు. లెక్కపెట్టాను, చుట్టూ పన్నెండు. అచ్చం ముక్కల లంగా! ఆరు ముక్కల లంగాలో నడుము దగ్గర సన్నంగా, కింద వెడల్పుగా కోస్తాం, ఇక్కడ రెండు చివర్లా సన్నం, మధ్యలో వెడల్పు. చదును గుడ్డని గుండ్రటి ఒంటి మీద కూర్చోబెట్టాలంటే అయితే ముక్కలు కొయ్యాలి, లేకపోతే గుడ్డని లోపలికి మడిచి కుట్టే డాట్లు పెట్టాలి. మూడో దారి లేదు. డాటు లేకుండా లాగి కుడితే ఎక్కడో ఒక చోట గుడ్డ సాగాలి, ఇంకోచోట ముడత పడాలి.

మా ఆయన అట్లాసు చేసింది ఆ పనే. గుండ్రటి భూమిని డాట్లు లేకుండా చదును కాగితం మీద పరిచారు, కాబట్టి పైనా కిందా లాగి సాగదీశారు. 1569లో మెర్కేటర్ అనే ఆయన ఓడల వాళ్ల కోసం గీసిన పద్ధతి అది. దిక్కు తప్పకుండా ఓడ నడపడానికి బాగా పనికొచ్చింది, సైజులు మాత్రం పాడయ్యాయి. ఆ పటంలో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనబడుతుంది. గ్లోబు మీద టేపు పెట్టాను. గ్రీన్‌లాండ్ పొడవు రెండున్నర అంగుళాలు. ఆఫ్రికా పై నుంచి కింద దాకా ఏడున్నర. విస్తీర్ణంలో అయితే ఆఫ్రికా దానికి పద్నాలుగింతలు. మన దేశం కూడా గ్రీన్‌లాండ్ కంటే పెద్దదే, ఒకటిన్నర రెట్లు. మా ఆయనకి చూపిస్తే "పాత అట్లాసు కదా" అన్నారు. అట్లాసు పాతదవడం వల్ల కాదండీ అన్నాను, కటింగు వల్ల.

ఇక దారి. గుడ్డ టేపు ఒక చివర ఢిల్లీ మీద బొటనవేలితో నొక్కి, రెండో చివర శాన్ ఫ్రాన్సిస్కో మీద పెట్టి బిగువుగా లాగాను. ముందు ఆయన గీత మీదుగానే పెట్టాను, ఇరాన్, మధ్యధరా, అట్లాంటిక్. పదిహేడు అంగుళాలు దాటింది, అయినా టేపు అక్కడ నిలబడలేదు, పైకి జారిపోతోంది. సరే అని వదిలేసి మళ్లీ బిగువుగా లాగితే అది తనంతట తనే ఎక్కడ కూర్చుందో తెలుసా? ఢిల్లీ నుంచి దాదాపు నిటారుగా పైకి, టిబెట్ మీదుగా సైబీరియా, రష్యా పై అంచు దాటి ఆర్కిటిక్ సముద్రం, అలాస్కా, కెనడా పడమర ఒడ్డు, అక్కడి నుంచి కిందికి కాలిఫోర్నియా. పదకొండున్నర, పైన ఒక గీత. మూడుసార్లు కొలిచాను, అంతే.

భూమి చుట్టుకొలత 40,075 కిలోమీటర్లు. దాన్ని 37 ముప్పావుతో భాగిస్తే అంగుళానికి వెయ్యీ అరవై చిల్లర. మనవడు ఫోన్లో గుణించాడు, 12,300 పైన వచ్చింది. లెక్కగట్టిన అసలు దూరం 12,380. ఒక్క గీత మందం కూడా తేడా లేదు. నడుము కుట్టు కలపడం రాకపోయినా బంతి మాత్రం సక్రమంగానే చేశారు, ఆ మెచ్చుకోలు ఇవ్వాల్సిందే.

మా ఆయన టేపు తీసుకుని తనే ఇంకోసారి లాగి చూశారు. ఏమీ అనలేదు. అట్లాసు మళ్లీ అటకెక్కింది.

అప్పటి నుంచి ఇంట్లో ఇదొక ఆటైంది. హైదరాబాద్ నుంచి దుబాయ్ రెండున్నర అంగుళాలకి కొంచెం తక్కువ. వైజాగ్ నుంచి ఢిల్లీ అంగుళం పావు. హైదరాబాద్ నుంచి డాలస్ పదమూడున్నర, అది దాదాపు ధ్రువాన్ని రాసుకుని పోతుంది. సింగపూర్ నుంచి న్యూయార్క్ పద్నాలుగున్నరకి కొంచెం తక్కువ, ఆగకుండా అంత దూరం పోయే విమానం ఉంది, పద్దెనిమిది గంటల పైన పడుతుంది. ఎంత లాగినా ఏ రెండు ఊళ్ల మధ్యా పందొమ్మిది అంగుళాలు దాటదు. దాటితే రెండో పక్క నుంచి దగ్గరవుతుంది, నడుములో సగమే కదా. మన విజయనగరానికి సరిగ్గా వెనక ఏముందో అని మనవడు వెతికాడు. దక్షిణ అమెరికాకి పడమరగా పసిఫిక్ సముద్రంలో నీళ్లు.

టైము లెక్క నేనే కట్టాను. పెద్ద విమానం గంటకి సుమారు 900 కిలోమీటర్లు పోతుంది. అంటే అంగుళానికి గంటా పావు వేసుకోవచ్చు. కానీ రన్‌వే దాకా మెల్లగా పోవడం, పైకెక్కడం, దిగే ముందు చక్కర్లు, వీటికి ఎంత చిన్న ప్రయాణమైనా టైము పడుతుంది. కుట్టుకి గుడ్డ వదలకుండా కొలత మేరకే కోస్తే బ్లౌజు ఒంటికెక్కదు. అందుకని అన్నింటికీ ఒక గంట లూజు కలిపాను. దుబాయ్‌కి మూడు గంటలూ ఒకటీ నాలుగు, నిజంగానే నాలుగు గంటలు పడుతుంది. వైజాగ్ నుంచి ఢిల్లీ లెక్క ప్రకారం రెండున్నర, మాకు పట్టింది రెండు గంటల ఇరవై నిమిషాలు. ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో పద్నాలుగున్నరా ఒకటీ పదిహేనున్నర. టికెట్ మీద కూడా సరిగ్గా అంతే ఉంది. చూసుకుని ఎంత మురిసిపోయానో, ఆ రోజు ఇద్దరు కస్టమర్లకి జాకెట్టు కొలతలు తీస్తూ ఇదే చెప్పాను. "అక్కా, ముందు చెయ్యి పొడవు చూడు" అన్నారు పాపం.

ఇంతవరకూ గ్లోబుకి నూటికి తొంభై మార్కులు వేసేదాన్ని. ప్రయాణం చేశాక తగ్గిద్దామనిపించింది.

మధ్యాహ్నం రెండున్నరకి ఇల్లు వదిలాం. భోగాపురంలో ఎయిర్‌పోర్టు అప్పటికింకా కడుతూనే ఉన్నారు, కాబట్టి ఆ దారినే దాటుకుని వైజాగ్ దాకా పోవాల్సి వచ్చింది. ఆరింటికి విమానం. రాత్రి ఎనిమిదీ ఇరవైకి ఢిల్లీ. అక్కడ తెల్లవారుజాము నాలుగు దాకా కూర్చోవడం, నడవడం, లైన్లో నిలబడడం, బెల్టు విప్పడం, గాజులు మోగినందుకు పక్కకి పిలిస్తే వెళ్లడం. ఆ పైన పదిహేనున్నర గంటలు గాలిలో. దిగాక ఇమిగ్రేషను, సామాను, గంటన్నర. కారులో ముప్పావు గంట. మొత్తం కలిపితే గుమ్మం నుంచి గుమ్మానికి ముప్పై ఒక్క గంటల పైన. అందులో విమానం కదిలింది పద్దెనిమిది గంటల లోపే. మిగతా పదమూడు గంటలూ గ్లోబు మీద ఎక్కడున్నాయి? వైజాగ్, ఢిల్లీ, శాన్ ఫ్రాన్సిస్కో చుక్కల కింద. అందులో సగం పైన ఢిల్లీ అనే అంత చిన్న చుక్కలోనే కూర్చున్నాం. పెద్దవాళ్లని పంపేవాళ్లు టికెట్ మీద విమానం టైము చూసి "పదిహేను గంటలే అమ్మా" అని చెప్పకండి. మా మోకాళ్లకి తెలిసేది ముప్పై ఒకటే.

సీటు ముందు స్క్రీన్లో విమానం బొమ్మ కదులుతూ ఉంటుంది. నా టేపు దారికీ ఆ దారికీ పోలిక చూద్దామని మెలకువగానే కూర్చున్నాను. ఢిల్లీ దాటాక విమానం నేను అనుకున్నట్టు టిబెట్ మీదికి ఎక్కలేదు. ముందు పడమరకి తిరిగి, పాకిస్తాన్ దాటి, కొండల్ని తప్పించుకుని, అప్పుడు రష్యా మీదికి పోయింది. తర్వాత మా అబ్బాయి చెప్పాడు కారణం. లోపల గాలి ఒత్తిడి పోతే విమానం వెంటనే పదివేల అడుగులకి దిగాలట, అప్పుడే మనుషులు మామూలుగా ఊపిరి తీసుకోగలరు. టిబెట్ పీఠభూమి నేలే దానికంటే ఎత్తు. దిగడానికి చోటుండదు. అందుకని ఆ కొండల మీద నుంచి ఎక్కువ సేపు పోయే దారి పెట్టుకోరు. నా టేపుకి ఈ భయం లేదు, అది తిన్నగా కూర్చుంది.

దేశాల గొడవలూ గ్లోబు మీద కనబడవు. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా, యూరప్ కంపెనీల విమానాలు రష్యా మీదుగా పోవడానికి లేదు. మన దేశపు విమానాలు పోవచ్చు. మేం 2025 ఏప్రిల్ నడిమికి తిరిగొచ్చాం. ఆ నెల 24న పాకిస్తాన్ తన ఆకాశాన్ని మన విమానాలకి మూసేసింది. అదే రెండు ఊళ్లు, అదే పదకొండున్నర అంగుళాలు, దారి మాత్రం ఆ నెల నుంచి వేరు.

గాలి సంగతి అన్నింటికంటే ఆశ్చర్యం. ఎత్తున, విమానాలు తిరిగే చోట, పడమర నుంచి తూర్పుకి గాలి ఏరులా పారుతుంది, జెట్ స్ట్రీమ్ అంటారు. ఎదురైతే విమానం వేగం తగ్గుతుంది, వెనక నుంచి తోస్తే పెరుగుతుంది. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఇదే ఢిల్లీ, శాన్ ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు కాకుండా మొదటిసారి పసిఫిక్ మీదుగా పంపింది. అట్లాంటిక్ దారి 13,900 కిలోమీటర్లు, పసిఫిక్ దారి 15,300. దూరం 1,400 పెరిగింది. ఈ గ్లోబు మీద అంగుళం పావు కంటే ఎక్కువ. అయినా పద్నాలుగున్నర గంటల్లో దిగేసింది, పాత దారి కంటే ముందే. కారణం గాలి వెనక నుంచి తోయడం. వెళ్లేది తూర్పు వైపుకి, వచ్చేది మళ్లీ తూర్పుకే, కాబట్టి ఒక రానూపోనూ టికెట్‌తో భూప్రదక్షిణ అయిపోయినట్టే. ఈ సంగతి తెలిశాక నా అంగుళానికి గంటా పావు లెక్క చూసి నాకే నవ్వొచ్చింది. మా ప్రయాణంలో తేడా మరీ అంత లేదు, వెళ్లినదానికంటే వచ్చేటప్పుడు ముప్పావు గంట ఎక్కువ పట్టింది.

ఇంకొక్క విమానం గురించి చెప్పి ఆపేస్తాను, ఆడదాన్ని కాబట్టి చెప్పకుండా ఉండలేను. 2021 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఉత్తర ధ్రువం మీదుగా వచ్చిన విమానాన్ని నడిపినవాళ్లు అందరూ ఆడవాళ్లే, కెప్టెన్ జోయా అగర్వాల్. గ్లోబు మీద ఆ రెండు ఊళ్లకీ టేపు లాగితే పదమూడు అంగుళాల చిల్లర, సుమారు 14,000 కిలోమీటర్లు. వాళ్లు తిరిగింది పదహారు వేలు. ఆ దారి చూపిద్దామని టేపుని ధ్రువం మీదుగా పెట్టబోతే, సరిగ్గా అక్కడే ఈ గ్లోబుకి ప్లాస్టిక్ బిళ్ల ఉంది. స్టాండు కడ్డీని బిగించిన స్క్రూ కోసం. నయాపైసా కంటే పెద్దది, ఎత్తుగా లేచి ఉంది. టేపు దాని మీద ఎక్కి దిగుతుంది, కొలత పెరుగుతుంది. హైదరాబాద్, డాలస్ కొలిచినప్పుడూ ఇదే బాధ, పక్కకి తప్పించి పెట్టాల్సి వచ్చింది. మనవాళ్ల పిల్లలు ఎక్కువ ఉండే అమెరికా ఊళ్లకి దారులన్నీ ఆ చుట్టుపక్కల నుంచే పోతాయి, తయారుచేసినవాళ్లు దాన్నే బొత్తాంతో మూసేశారు.

ఆ బిళ్ల చుట్టూ గంటల చక్రం ఒకటి ఇచ్చారు, 24 గీతలు. ఇక్కడ ఎన్నయితే అక్కడ ఎన్నో చూసుకోవడానికి. పనికిరాదు. భూమి పదిహేను డిగ్రీలు తిరిగితే గంట, ఆ లెక్క సరే, మన దేశం మాత్రం గంటల గీత మీద లేదు. 82న్నర డిగ్రీల రేఖ, కాకినాడ దగ్గరగా పోయేది, దాన్ని పట్టుకుని గడియారాలు పెట్టుకున్నాం. అందుకే లండన్‌తో చలికాలం ఐదున్నర. కాలిఫోర్నియాతో చలికాలం పదమూడున్నర గంటలు, మిగతా రోజుల్లో పన్నెండున్నర, అక్కడివాళ్లు గడియారం ముందుకీ వెనక్కీ జరుపుతారు. ఈ అరగంటా తెలియదు చక్రానికి, ఆ జరపడమూ తెలియదు. తెల్లవారుజాము నాలుగింటికి ఢిల్లీలో ఎక్కి, అదే తారీఖు ఉదయం ఏడింటికి అక్కడ దిగాం. గడియారం ప్రకారం మూడు గంటల ప్రయాణం! మా ఆయన చేతి వాచీ మార్చకుండా రెండు రోజులు మన టైముకే మాత్రలు వేసుకున్నారు. వచ్చేటప్పుడు ఆ తీసుకున్న గంటలన్నీ వడ్డీ లేకుండా తిరిగి కట్టేశాం, మంగళవారం ఉదయం ఎక్కితే బుధవారం మధ్యాహ్నం అయింది.

మనవడి ప్రశ్న ఉండిపోయింది, సలెయ్యదా అని. బయట సున్నాకి కింద యాభై డిగ్రీలకు పైగా ఉందని స్క్రీన్లో వేశాడు. లోపల దుప్పటి ఇచ్చారు, సరిపోయింది. వాడికి ఎత్తు కూడా చూపించాను. విమానం పోయేది పదకొండు కిలోమీటర్ల ఎత్తున. ఈ గ్లోబు కొలతలో అది మిల్లీమీటరులో నాలుగో వంతు. అంటే బంతి మీద కుట్టుదారం ఒకటి పరిస్తే, ఆ దారం మందం ఎంతో మేం ఎగిరింది అంత ఎత్తున. వాడు దారాన్ని వేలితో నొక్కి చూసి, "నేల మీద పాకినట్టే కదా అమ్మమ్మా" అన్నాడు.

విజయనగరం లేని లోటు నేనే తీర్చాను. నల్ల స్టిక్కర్ బొట్టు, అన్నింట్లోకీ చిన్నది, మూడు మిల్లీమీటర్లది తీసి వైజాగ్ పైన అంటించాను. తర్వాత లెక్క చూస్తే ఆ బొట్టు కిందకి ఇటు వైజాగ్, అటు శ్రీకాకుళం, పైన సాలూరు అన్నీ వచ్చేశాయి. శాన్ ఫ్రాన్సిస్కోకి ఎర్ర బొట్టు పెట్టాను. అది రెండుసార్లు ఊడింది, వార్నీషు మీద జిగురు పట్టడం లేదు.

మార్కులు వేయాలంటే పదికి ఏడు వేస్తాను. ఒకటి నడుము కుట్టుకి, ఒకటి ధ్రువం మీద బొత్తానికి, ఒకటి గంటల చక్రానికి తీసేశాను. గాలీ, మూసిన ఆకాశాలూ, ఢిల్లీలో కూర్చున్న గంటలూ చూపించనందుకు ముందు తగ్గిద్దామనుకున్నాను గానీ, పదకొండు వందల బంతి నుంచి అవి ఆశించడం న్యాయం కాదు. తొమ్మిదంగుళాలది కొనకండి, అంగుళానికి దూరం పెరిగిపోయి గీత తేడా పడితే వంద కిలోమీటర్ల పైనే పోతాయి. షాపులో డబ్బా విప్పించి దక్షిణ సూడాన్ ఉందో లేదో చూడండి, బ్రెజిల్ ఒడ్డు దగ్గర అతుకు చూడండి. కొలవడానికి గుడ్డ టేపే వాడండి, అది కూడా కొత్తది. నా పాత టేపు సాగిపోయి పదకొండుంపావే చూపిస్తోంది, ఇన్నాళ్లూ దాంతో ఎంతమందికి జాకెట్లు కుట్టానో.